ఉస్తాద్ తప్పిన స్వరం

గద్వాలలో పెళ్లి బ్యాండుకు ఊదేవాళ్లకంటే వంకలు పెట్టేవాళ్లే ఎక్కువ. ముప్పై ఏళ్లుగా హారన్ అనే చుట్టల ఇత్తడి బూర ఊదుతున్న మహబూబ్‌కు వంక పెట్టడం మరీ సులువు. అతని వాయిద్యం నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. ట్రంపెట్లూ క్లారినెట్లూ ముందున్న జనానికి వాయిస్తుంటే, మహబూబ్ వెనకొచ్చే పెళ్లికొడుకు గుర్రానికి వినిపిస్తాడని తోటివాళ్లే నవ్వేవారు. "గుర్రానికైన చెవులున్నయి" అనేవాడు మహబూబ్.

2006 ఎండాకాలంలో అతని పైవరస ముందుపన్ను ఊడింది. హారన్ ఊదేవాడికి ముందుపన్ను పోవడమంటే మాటలా? పెదవికి ఆనిక ఉండదు. వనపర్తిలో ఒక బరాత్‌లో అందరూ ఆగి అతనొక్కడే ఊదాల్సిన చోట స్వరం పగిలింది. పెళ్లికొడుకు మేనమామలు విరగబడి నవ్వారు. మహబూబ్ ఆపకుండా చివరిదాకా ఊదాడు. ఆ సంగతి ఎవరికి పట్టింది!

మర్నాడు బ్యాండు మాస్టరు రామచంద్రయ్య పిలిచాడు. "మహబూబ్ భాయీ, ఇంగ సాలు. ఆదివారం గట్టు ఊర్ల పెండ్లికి నువ్వు రాకు. బ్యాండు పేరు పోతది."

"ఒక్క స్వరానికా, మాస్టరూ?"

"ఒక్కటైతేంది? పెద్ద పెద్దోళ్లు గిట్ల తప్పుతరా?"

"తప్పుతరు. వినిపిస్త, ఉండు."

ఊరికే అన్న మాట కాదు. మహబూబ్ ఇంట్లో నాలుగు పాత నల్ల రికార్డులున్నాయి, అన్నీ దొరల దేశాల పెద్ద పెద్ద వాద్యబృందాలవి. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదు ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చాడు. రోజూ చాయ్ తాగుతూ వింటాడు. "ఇగో, ఈడ ఊపిరి తీసిండు! ఇంత పొడుగు లాగి, ఈడ!" అని ఒక్కడే చేతులూపుతాడు. వాటిలో ఒకదానికి అట్ట లేదు. మధ్యలో అంటించిన చీటీ మీద ఊదినవాడి పేరు చదవరాని అక్షరాల్లో ఉంది. మహబూబ్ అతన్ని ఉస్తాద్ అంటాడు.

అది జనం ముందు కచేరీలో పట్టిన రికార్డు. దగ్గులు కూడా వినిపిస్తాయి. పదుల కొద్దీ వయొలిన్లు సద్దుమణిగాక ఒక్క హారన్ మెల్లగా పైకెక్కుతుంది. చిట్టచివరి మెట్టు మీద తటాలున జారుతుంది. ఉస్తాద్ ఆగడు. ఆ జారినచోటు నుంచే తర్వాతి స్వరం అందుకుంటాడు, ఇంకా తీయగా. ఆ చోటు వచ్చినప్పుడల్లా మహబూబ్‌కు కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

రికార్డు ప్లేయరేమో బండరాయంత బరువు. బ్యాండు గదిలో సీడీ ప్లేయరుంది. అందుకని బస్టాండు దగ్గర సీడీల దుకాణం మధును బతిమాలి రికార్డును సీడీ చేయించాడు. శనివారం మాస్టరు ముందు, అందరి ముందు పెట్టాడు.

హారన్ పైకెక్కుతోంది. మహబూబ్ వేలెత్తాడు. "ఇగో, ఇప్పుడే!"

స్వరం కడిగిన ముత్యంలా వచ్చింది.

"ఏడ తప్పిండు, భాయీ?" అన్నాడు మాస్టరు. క్లారినెట్టువాడు కిసుక్కున నవ్వాడు. ఎత్తిన వేలు ఎక్కడ దాచుకోవాలో మహబూబ్‌కు తెలియలేదు. తల కొట్టేసినట్టయింది.

నేరుగా మధు దుకాణం మీద పడ్డాడు.

మధు మురిసిపోతున్నాడు. "చాచా, ఒక తాన తప్పుండె. గదే స్వరం రికార్డుల ఇంకో తాన మంచిది దొర్కితె తెచ్చి కంప్యూటర్ల అతికిచ్చిన. తెల్వనే తెల్వదు గద!"

"ఎవర్ని అడిగి అతికిచ్చినవ్‌రా?"

"అరె, ఖరాబైనదాన్ని మంచిగ జేస్తె తిడ్తవేంది?"

"ఖరాబేందిరా! ముప్పై ఏండ్ల సంది గదాన్ని పట్టుకునే నిలబడ్డ!"

ఆదివారం పొద్దున్నే ఆటో పిలిచాడు. ప్లేయరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది అతని భార్య రహీమున్నీసా. ఆ రికార్డుల మోతకు ఇన్నేళ్లూ విసుక్కున్న మనిషే. "నేను తిడ్త, అది నా ఇష్టం. ఆయన్ని అబద్ధాలోడంటె ఊకుంటనా?" అంది.

బ్యాండు గది ముందు డీసీఎం బండిలోకి డోళ్లు ఎక్కిస్తున్నారు. మహబూబ్ గడప మీదే ప్లేయరు పెట్టి, తీగ లాగి, రికార్డు వేశాడు. దగ్గులు, వయొలిన్లు, ఆపైన హారన్. చివరి మెట్టు మీద జారింది. క్లారినెట్టువాడు నవ్వబోయాడు. అంతలో హారన్ లేచిన తీరుకు నోరు మూసుకున్నాడు.

"తప్పిండా, మాస్టరూ?"

"తప్పిండు."

"ఆగిండా?"

రామచంద్రయ్య ప్లేయరు మీదికి వంగాడు.

"నేను ఆగిన్నా? పన్ను పోయింది గని దమ్ము పోలే. ఇయ్యాల గూడ తప్పుతనేమో. తప్పినా ఆఖరుదాక ఊదుత. దించేటోడుంటె వచ్చి దించుండ్రి!"

హారన్ చంకన పెట్టుకుని బండెక్కి, ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరూ కదల్లేదు. రామచంద్రయ్య రికార్డు అయిపోయేదాకా విన్నాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి కసురుకున్నాడు.

"ఏం జూస్తున్నవ్? బండి తియ్యి. పొద్దెక్కుతున్నది."