మరియమ్మ ఇంట్లో మంచినీళ్ళు

పిడుగురాళ్లకు వచ్చిన రోజు హిమజ కాళ్ళకున్న బూట్లు నల్లవి. మర్నాటికి అవి బూడిదరంగుకు తిరిగాయి. సున్నం బట్టీల నుంచి లేచే తెల్లటి పొడి ఆ ఊళ్ళో గుమ్మాల మీదా, అరటిపళ్ళ బండ్ల మీదా, లారీల అద్దాల మీదా ఒకేలా వాలుతుంది. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో బూట్లు తుడుచుకునేది. సాయంత్రానికి మళ్ళీ అదే రంగు. మూడు వారాలయ్యేసరికి తుడవడం మానేసింది.

ఆమెది రాజమండ్రి. ఇరవై ఒక్కేళ్ళు. డిగ్రీ పూర్తి కాగానే తమ మార్మన్ క్రైస్తవ సంఘంలో పద్దెనిమిది నెలల సేవకు పేరిచ్చింది. అలా మిషనరీగా బయల్దేరిన పిల్లలు ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి. ఎప్పుడూ ఇద్దరుగానే తిరగాలి. ఒకరినొకరు ఇంటిపేర్లతోనే పిలుచుకోవాలి. చొక్కా మీద పెట్టుకునే చిన్న నల్ల అట్ట మీద కూడా ఆ ఇంటిపేరే ఉంటుంది. హిమజ అట్ట మీద 'సిస్టర్ వెలగపూడి' అని తెల్లటి తెలుగు అక్షరాలు. ఆమెకు జతగా వచ్చిన అమ్మాయి సిస్టర్ జోసెఫ్. అసలు పేరు ప్రియ, బెంగుళూరు పిల్ల.

మొదటి ఆరునెలలూ హైదరాబాదులో సుఖంగానే గడిచాయి. అక్కడ జతగా ఉన్న పెద్దమ్మాయి గలగలా మాట్లాడేది, హిమజ పక్కన కూర్చుని వచనాలు తీసిచ్చేది. ఇక్కడ ప్రియ తెలుగు నాలుగు మాటలు నడిచి ఐదో మాట దగ్గర కన్నడంలో పడిపోతుంది. కాబట్టి మాట్లాడవలసింది హిమజే. కొత్తవాళ్ళ ముందు నోరు తెరవాలంటే ఆమెకు భయం. చెప్పవలసిన మాటల్లో సగం గొంతులోనే ఆగిపోతాయి.

వాళ్ళు ముందుగా వెళ్ళిన ఇల్లు ఊరి చివరి పేటలో మరియమ్మది. ఆమె కొడుకు ప్రవీణ్ కుమార్ హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఈ సంఘంలో చేరాడు. మా అమ్మానాన్నల్ని ఒకసారి చూసిరండి, నాన్నకు బాగాలేదు అని అడిగాడు. తండ్రి ఆనందరావు ముప్పై ఏళ్ళు బట్టీలో రాయి మోశాడు. ఇప్పుడు మంచానికి అడ్డంగా కూర్చుని, రెండు చేతులూ పట్టీ మీద ఆనించి, గాలిని లాక్కుంటూ ఉంటాడు. మరియమ్మ ఇంకా బట్టీకి పోతూనే ఉంది.

ఆ రోజు మరియమ్మ అల్లం దంచి టీ పెట్టింది. తళతళలాడేలా తోమిన మూడు స్టీలు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది.

"తాగండమ్మా. చిక్కటి పాలే, నీళ్ళు కలపలా."

"వద్దండి. మేం తాగమండి," అంది హిమజ.

మా సంఘంలో ఎవరూ టీ, కాఫీ ముట్టరండి, అది మా నియమం అని తర్వాతి మాట చెప్పాలి. హైదరాబాదులో పెద్దమ్మాయి ప్రతి ఇంట్లోనూ నవ్వుతూ చెప్పేది. ఆ మాట హిమజ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. మరియమ్మ పళ్ళేన్ని కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, లోపలికి తీసుకెళ్ళిపోయింది.

ఆనందరావే ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు నవ్వాడు. "గోదారి పిల్లవంటగా. మీరు మాటకోసారి 'ఆయ్' అంటారంట. ఏదీ, ఒక్కసారి అను ఇందాం."

"ఆయ్," అంది హిమజ, తల దించుకుని. అతను నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపటికి గానీ ఆగలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు మరియమ్మ నిమ్మరసం కలిపి ఇచ్చింది. ఈసారి పేపర్ కప్పుల్లో. ఎంత మర్యాద అనుకుంది హిమజ. కానీ ప్రియ పక్కనుంచి మోచేత్తో పొడిచింది. అంతకుముందున్న ఊళ్ళో దొరికిన నీళ్ళు తాగి ప్రియ పచ్చకామెర్లతో నెల రోజులు ఆసుపత్రిలో ఉంది. వడపోసిన నీళ్ళు తప్ప తాగకూడదని మిషన్ వాళ్ళు గట్టిగా చెప్పారు కూడా. "ఇప్పుడే తాగొచ్చామండి," అని చెప్పి హిమజ కప్పు కింద పెట్టింది. కాసేపటికి దాహమేసి, ఇద్దరూ తమ సంచుల్లోంచి సీసాలు తీసి తాగారు. అలా తాగడంలో తప్పేదో ఉందని ఆమెకు ఆ క్షణాన తోచనే లేదు.

మూడోసారికి ఆనందరావు మరీ చిక్కిపోయాడు. మరియమ్మ గూట్లోంచి కొబ్బరినూనె సీసా తీసి హిమజ చేతిలో పెట్టింది.

"ఈ నూనె మీద ప్రార్థన చేసి ఆయన తలకు రాయి, సిస్టరుగారూ. చెయ్యి పెట్టి దేవుణ్ణి అడుగు. పొద్దుటినుంచి కూర్చోలేకపోతున్నాడు."

ఆ పేటలో అందరూ చేసే పనే అది. హిమజ సంఘంలో మాత్రం నూనె రాసి తల మీద చేతులుంచే పని యాజకత్వం పొందిన మగవాళ్ళదే. ఆమె చెయ్యకూడదు.

"నేను పక్కన కూర్చుని ప్రార్థన చేస్తానండి. నూనె రాయడానికి... నాకు ఆ అధికారం లేదండి. గుంటూరులో మా ఎల్డర్లు, అంటే మగ మిషనరీలు, ఉన్నారు, కబురు పెడతాను."

"అధికారమా?" మరియమ్మ సీసా వెనక్కి లాక్కుంది. "తల మీద చెయ్యి పెట్టటానిగ్గూడా అధికారం కావాల్నా? మా పాస్టరమ్మ పెట్టుద్ది. సండే స్కూలు పిల్లకాయలు గూడా పెడతారు. మొన్న టీ ఇస్తే తాగలా. సరేలే, మన గ్లాసుల్లో తాగరేమోనని కొట్టుకి పోయి పేపర్ కప్పులు తెచ్చా. వాటిల్లో పోసినా ముట్టలా. నీళ్ళు గూడా మీయి మీరే తెచ్చుకున్నారు. ఇయ్యాల మనిషినే ముట్టుకోనంటున్నావు."

"అలా కాదండి..."

"పోనియ్యవే," అన్నాడు ఆనందరావు. అతని గొంతులో కోపం లేదు. "ఆ పిల్ల అట్ట మీద రాసుందిగా, వెలగపూడని. మా నాయన ఆ ఇంటిపేరోళ్ళ పొలంలోనే చేశాడు. వాళ్ళు పైనుంచి చెంబెత్తి పోస్తే దోసిలి పట్టి తాగేవోడు. కొత్తేముంది?"

హిమజకు ముఖం మండిపోయింది. మా తాత కూడా ఇలాంటి పేటలోనే పుట్టాడండి, ఊరిపేరే మాకు ఇంటిపేరైంది, నేనూ మీలో పిల్లనే అని ఒక్క మాట అంటే చాలు, అంతా తేలిపోతుంది. అనబోయింది. కానీ ఆ మాటకు అర్థమేమిటి? నేను మీదాన్ని కాకపోయి ఉంటే మీ గ్లాసు ముట్టుకోకపోవడం న్యాయమేనని ఒప్పుకోవడమేగా! నోరు మూసుకుంది. మరియమ్మ వాకిలి చూపించింది.

వాళ్ళుండే మేడగదికి కింది వాటాలో ఇంటావిడ పీరాంబీ కుట్టుమిషను తొక్కుతూ ఉంటుంది. మెట్ల మీద కూలబడి ఏడుస్తున్న హిమజను చూసి మిషను ఆపింది. సంగతంతా విని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది.

"టీ తాగపోతే తాగపోయావు. ఎందుకు తాగవో చెప్పటానికి ఏమొచ్చిందే నీకు? మీరు దిగిన రోజు నేనూ చాయ్ తెచ్చిచ్చానా? వద్దండీ అని తలుపేసుకున్నావు. తురకోళ్ళ చాయ్ తాగరేమో, ఇల్లు మాత్రం కావల్సొచ్చింది అనుకున్నా. మూడు వారాల్నుంచి అదే అనుకుంటన్నా."

హిమజ ఏడుపు ఆగిపోయింది. "అయ్యో, అది కాదు పీరాంబీగారూ. మేం ఎక్కడా టీ తాగమండి. మా అమ్మ పెట్టినా తాగనండి."

"ఇప్పుడు చెప్తే నాకు తెలిసె. ఆమెకెవరు చెప్తారు?"

ప్రతి సోమవారం మిషన్ ప్రెసిడెంటుకు ఉత్తరం పంపాలి. నన్ను ఇంకో ఊరికి మార్చండి, ఇక్కడ నావల్ల కాదు అని హిమజ ఫోనులో టైపు చేసింది. పంపలేదు, చెరపనూ లేదు. మర్నాడు సాయంత్రం బట్టీలు వదిలే వేళకు ప్రియను వెంటబెట్టుకుని పేటకు నడిచింది.

మరియమ్మ అప్పుడే పని నుంచి వచ్చి, సున్నానికి పగిలిన మడమల మీద నీళ్ళు పోసుకుంటోంది.

"మళ్ళీ ఏంది?"

"మేం టీ, కాఫీ ఎవరింట్లోనూ తాగమండి. మా సంఘం నియమం అది. మొదటిరోజే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. నీళ్ళ సంగతేమో, ఈ అమ్మాయికి పచ్చకామెర్లు వచ్చి తగ్గాయండి. తప్పు నాదే." ఒక్క ఊపిరిలో అనేసింది. మూడు వారాల్లో అంత పొడుగు మాట ఆమె నోట రావడం అదే మొదలు. "దాహంగా ఉందండి. మంచినీళ్ళిస్తారా?"

మరియమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. లోపలికి వెళ్ళి, గూట్లో ఉన్న పేపర్ కప్పుల దొంతర మీద చెయ్యి వేసింది.

"గ్లాసులో ఇవ్వండి," అంది హిమజ గుమ్మంలోంచి.

"గ్లాసులో తాగితే ఏమైద్ది? నూనె రాస్తావా?"

అబద్ధం చెబితే గడిచిపోతుంది. హిమజ తల అడ్డంగా ఊపింది. "రాయలేనండి. శనివారం మా ఎల్డర్లు వస్తామన్నారు. వాళ్ళు రాస్తారు."

మరియమ్మ బిందెలో స్టీలు గ్లాసు ముంచి ఇచ్చింది. "సిస్టర్!" అంది ప్రియ మెల్లగా. హిమజ వినిపించుకోలేదు. నీళ్ళలో కాస్త ఉప్పదనం, కాస్త సున్నం వాసన. మధ్యలో ఆపితే మళ్ళీ తాగలేనేమోనని ఆపకుండా తాగింది. గ్లాసులో ఇంకా సగం ఉండగానే మంచం మీద ఆనందరావుకు దగ్గు తెర అందుకుంది. మనిషి ముందుకు వాలిపోయి, కళ్ళు తేలేస్తున్నాడు. హిమజ గ్లాసు గట్టు మీద పెట్టి పరుగెత్తి అతన్ని భుజాలు పట్టి లేపింది. తన ఒంటికి ఆనించుకుని వీపు మీద అరచేత్తో రాయసాగింది. చొక్కా కింద ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి. అది ప్రార్థన కాదని ఆమెకు తెలుసు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

మరియమ్మ ఆ చెయ్యి వంక చూస్తూ నిలబడింది. తర్వాత గట్టు మీది గ్లాసు తీసుకుని, తొలపకుండా, హిమజ తాగగా మిగిలిన నీళ్ళే మొగుడి పెదాలకు అందించింది. అతను రెండు గుక్కలు మింగాడు. మిగతావి గడ్డం మీదుగా హిమజ చేతి మీదికి కారాయి.

"శనివారమా?" అంది మరియమ్మ.

"అవునండి."

"ఇయ్యాల మంగళవారం."

ఆనందరావు బరువంతా ఆమె మీదే ఉంది. అతని వీపు మీద చెయ్యి అలా రాస్తూనే ఉంది.