నీడన ఆరాల్సిన పల్లేరు

గల్ఫ్ దేశంలోని అల్ ఖౌద్‌లో, ఓ మూలికల ల్యాబ్‌లో ఆకు కడిగి ఆరబెట్టడం పోశెట్టి డ్యూటీ. ఆర్మూర్‌లో ఏళ్ల తరబడి పసుపు ఎండబోసిన చేతులవి. రెండు వేళ్ల మధ్య ఆకు నలిపి, ఆ చప్పుడును బట్టి ఆరిందో లేదో చెప్పేస్తాడు. ఎండ తగిలితే ఆకులో గుణం చచ్చిపోతుంది, నీడలోనే ఆరబెట్టమని ల్యాబ్ నడిపే సునీత మేడం చెప్పింది. నీడన ఏం ఆరుతుందిలే అని పోశెట్టి ఎప్పటిలాగే, కొండవాగు నుంచి తెచ్చిన పల్లేరును కూడా మిద్దె మీద మే నెల ఎండలో పరిచాడు.

ఇవాళ పరీక్ష. ఆకులో గుణం ఉంటే గాజుగొట్టంలోని ఊదారంగు మందు పసుపు రంగుకు మారాలి. పోశెట్టి తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ గొట్టం వంకే చూస్తున్నాడు. అరగంట గడిచినా ఊదారంగు అలాగే ఉంది.

"దీంట్లో ఏం లేదు. మూలికల లిస్టులోంచి కొట్టేస్తున్నా," అంటూ మేడం పెన్ను తీసింది.

ఊళ్లో అమ్మ కాళ్లవాపును తగ్గించింది ఈ పల్లేరు కషాయమే. నోరు విప్పితే ఉద్యోగం ఉండదు. పోశెట్టి తుడుపుగుడ్డ బల్ల మీద పెట్టేశాడు.

"కొట్టెయ్యకుండ్రి మేడం. తప్పు పల్లేరుది గాదు, నాది. ఎండల పోసిన."

మేడం పెన్ను ఆగింది. "ఇదొక్కటేనా?"

పోశెట్టి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, లిస్టులో అప్పటికే కొట్టేసి ఉన్న నాలుగు పేర్ల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టాడు.