అమ్మ కొంగున రబ్బరు గింజ

ఓటు వేయడానికి వరుసలో నిలబడి ఉంటే, పక్క చెట్టు మీద రబ్బరు కాయ టప్పున పగిలింది. అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా రబ్బరు ఎస్టేట్లో గుడి పెద్దని ఎన్నుకోడానికి మగవాళ్ళు నచ్చిన మనిషి కుండలో తలా ఒక రబ్బరు గింజ వేసేవారు. ఆ ఏడు అమ్మ లేచి నిలబడింది.

"బాబూ, మీతో సమానంగా మేమూ పాలకి చెట్లు గీస్తన్నాం గదా. మాకూ గింజియ్యండి."

"ఆడోళ్ళకి గింజేటి? మొగుడేస్తే సాలదా, కూకో!" అన్నాడు కూలీల మీద పెత్తనం చేసే కంగాణీ.

గింజలు చాలక అలా అన్నాడనుకుని, నేను తోటలోకి పరిగెత్తి ఒడి నిండా ఏరుకొచ్చాను.

"అమ్మా, ఇయిగో, శానా ఉన్నాయి!"

అందరూ పగలబడి నవ్వారు. అమ్మ మాత్రం ఒక గింజ తీసి, రబ్బరు పాల పులుపు వాసన కొట్టే కొంగున ముడేసుకుంది. ఆడవాళ్ళకి ఓటు రాకముందే అమ్మ పోయింది.

వరుస కదిలింది. రాలిన గింజ ఏరి నా కొంగున ముడేసుకుని లోపలికి వెళ్ళాను.