నిండు గోలి

దేవరకొండ దవాఖాన వరుసల ఈదమ్మది ఎప్పుడూ గోడపక్క జాగానే. దిగులుజబ్బు గోలీలు దుకాణంల కొన్నన్నాళ్లు, ఎక్కువ రోజులు రావాలని పోకలు కత్తిరించే అడకత్తెరతో సగానికి కోసి మింగింది. సర్కారు ఉత్తగ ఇయ్యవట్టి ఏడాదైనా ఆ అలవాటు పోలే. ఈసారి సంచిల మిగిలిన ముక్కలు చూసి నర్సు ఎస్తేరు నెత్తి కొట్టుకుంది.

"ఉత్తగనే ఇస్తున్నం గద పెద్దమ్మా, ఇంకెందుకు కోస్తున్నవ్?"

"సర్కారుకైనా పైసలు యాడికెల్లి వస్తయ్ బిడ్డా? నేను సగం మింగితే ఇంకొకలకు సగం మిగుల్తది గద."

"అందరికి సరిపడ బడ్జెట్ ఇచ్చిన్రు. నువ్వు నిండు గోలి మింగు."

ఈదమ్మ ఆ మాట నమ్మలేదు, కాదనలేదు. గోడకు ఒరిగి కూచుని, వరుసల ఆఖరి మనిషి గోలీలు తీసుకొని పోయేదాంక చూసింది. అప్పుడు తన పొట్లం ఇప్పి, నిమ్మళంగ ఒక నిండు గోలి మింగింది.