ఏసీ పైపులకు పసుపు

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే నాలుగుసార్లు ఆలోచించి గానీ నోరు విప్పను, అప్పుడేమో అడగకముందే జవాబు చెప్పేసేవాణ్ణి. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం, ఆ ఊపులో కొన్న పాత కారు (నాకంటే ఆరేళ్ళే చిన్నది), వీటికి తోడు తిరుపతి ఆసుపత్రిలో మా అక్కకు ఆడపిల్ల పుట్టి నన్ను మేనమామను చేసింది. నడి ఎండాకాలం. "శుక్రవారం ఇంటికి పంపిస్తారంట, టాక్సీ మాట్లాడతా" అన్నాడు బావ ఫోన్లో. "నా మేనకోడలు బాడుగ బండిలో వచ్చేది యాడన్నా ఉండాదా బావా? నా కార్లో, ఏసీలో, చల్లగా తెస్తా సూడు" అనేశాను. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, నెల రోజులుగా నా ఏసీలోంచి వేడిగాలి తప్ప ఇంకేమీ రావడం లేదని.

మెకానిక్కుని మేమంతా పచ్చద్దాలన్న అనేవాళ్ళం. ఎప్పుడూ పసుపురంగు కళ్ళద్దాలు పెట్టుకునేవాడు, ఎందుకో అప్పటిదాకా నాకు తెలియదు. "గ్యాసు కారిపోతా ఉండాదప్పా. యాడనో సన్న బొక్క, కంటికి అగపడదు" అని గ్యాసుతో పాటు ఏదో రంగు నూనె కూడా ఎక్కించాడు. "రెండు దినాలు ఏసీ ఏసుకుని తిరుగు. కారే కాడ ఈ రంగు బయటికొస్తాది. నా నీలం లైటు ఏసి ఈ అద్దాల్లోంచి సూస్తే పచ్చగా మెరస్తాది." నేను అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. (ఇంటికెళ్ళి "గ్యాసు కారిపోతా ఉండాదమ్మా" అంటే అమ్మ పరుగెత్తి సిలిండరు కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఆ సాయంత్రం ఎవరికీ కాఫీ లేదు.)

మరునాడు ఫ్యాక్టరీ దగ్గర ఒక లారీ డ్రైవరు మాటల మధ్యలో, "రేడియేటరు కారితే మేం పిడికెడు పసుపు ఏస్తాం. దెబ్బకి బొక్క మూసుకుంటాది" అన్నాడు. అదే నా కొంప ముంచింది. మనిషికి గాయమైతే పసుపే, రేడియేటరుకూ పసుపే, మరి ఏసీకి మాత్రం ఎందుకు కాకూడదు? అమ్మ చూడకుండా వంటింట్లో పసుపు డబ్బా తీసి, ముద్దగా కలిపి, బానెట్ ఎత్తి, కనిపించిన ప్రతి పైపుకూ పెళ్ళికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా పట్టించాను. పచ్చద్దాలన్న చూస్తే తిడతాడని గురువారం పొద్దున్నే గుడ్డతో తుడిచేశాను కూడా. మసిలో జిడ్డులో కలిసిపోయి పైకి ఏమీ కనబడలేదు.

షెడ్డు షట్టరు దించి, చీకటి చేసి, పచ్చద్దాలన్న నీలం లైటు వేశాడు. ఇంజను ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దాల్లేని నా కళ్ళకు కూడా పచ్చగా వెలిగిపోయింది. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇదేందప్పా! సన్న బొక్కంటి కదా నేను. ఇది బండా, జల్లెడా? ఇంతగా కారతా ఉంటే రెండు దినాలు చల్లగాలి ఎట్లొచ్చినాది?" అని నన్నే అడిగాడు. పసుపు పూస్తేనే ఇంత కారిందంటే, పూయకపోతే ఇంకెంత కారేదో అనుకుంటున్నాను నేను. "పైపులన్నీ మార్చల్ల. సామాను మద్రాసు నించి రావల్ల. వారం పడతాది" అన్నాడు. తెల్లారితే శుక్రవారం. బావ ముఖం కళ్ళ ముందు కనబడి నాకు ఏడుపొచ్చినంత పనైంది. "అన్నా, ఈ ఒక్కటన్నా బిగించి సూడన్నా" అని ఏదో పైపు మీద చెయ్యి పెట్టాను. లైటు నా చేతి మీద పడింది. వేళ్ళూ గోళ్ళూ అరచెయ్యీ పచ్చగా మెరిసిపోతున్నాయి.

"ఏమప్పా, నువ్వు కూడా కారతా ఉండావే!" అని నిజంగానే బెదిరిపోయాడు ఆయన. తర్వాత నా వేలు పట్టుకుని వాసన చూశాడు. "పసుపు!"

"రేడియేటరుకి ఏస్తారు కదన్నా..."

"అది లోపల, నీళ్ళల్లో! పైపులకు బయట పూసేదానికి ఇదేమన్నా గడపా అప్పా?"

ఆ పూటంతా సబ్బునీళ్ళతో పైపులు తోమాను. సాయంత్రం మళ్ళీ లైటు వేస్తే ఒకే ఒక్క చోట, రెండు పైపులు కలిసే కాడ, ఆవగింజంత పచ్చటి చుక్క. అరిగిపోయిన రబ్బరు రింగు మార్చి, గ్యాసు నింపితే ఏసీ ఝుమ్మని పట్టుకుంది.

శుక్రవారం ఆసుపత్రి ముందు కారు ఆపి, లోపలంతా బాగా చల్లబరిచి, దర్జాగా తలుపు తీసి నిలబడ్డాను. అక్క చెవుల్లో దూది, తలకు గుడ్డ. వెనకే పసిబిడ్డను ఎత్తుకుని అమ్మ. లోపలికి తల పెట్టిన అమ్మ ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది. "ఒరే, బాలింతరా ఇది! పచ్చి ఒళ్ళురా! చల్లగాలి తగలొచ్చునా? కట్టెయ్ దాన్ని! అద్దాలు కూడా దించొద్దు!" అంతే. తిరుపతి నుంచి చిత్తూరు దాకా, మిట్టమధ్యాహ్నం, అద్దాలన్నీ ఎత్తి, ఏసీ కట్టేసి వచ్చాం. పక్కన బావ తువ్వాలు పిండుకుంటూ, "చల్లగా తెస్తానంటివే బామ్మర్దీ" అన్నాడు.

ఆ పిల్లకిప్పుడు పదకొండేళ్ళు. కారెక్కగానే "మామా, ఏసీ ఫుల్లుగా పెట్టు" అంటుంది. నువ్వు మొదటిసారి నా కారెక్కినప్పుడు అని నేను మొదలుపెడితే, "చెప్పినావులే మామా, పసుపు కథ" అని కిటికీ వైపు తిరుగుతుంది. ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఒక్క పనీ సరిగ్గా రాదు, నిజమే. కానీ కారిపోయేది ఏదైనా సరే, ఇంట్లో ఉన్న పసుపు పూస్తే ఆగిపోతుందని నమ్మాడు వాడు. నాకిప్పుడు అంత నమ్మకం దేని మీదా లేదు.