ఆవిడ ఫోన్లోని సిమ్

అనకాపల్లి స్టేషన్ వెయిటింగ్ రూములో నా ల్యాప్‌టాప్ చూసి ఒకాయన పక్కన చేరాడు. కొత్తగా కొన్న వైర్‌లెస్ రౌటర్ పెట్టె విప్పి, "ఇది కాస్త సెట్ సేసి పెట్టు బావా" అన్నాడు. సిమ్ వేస్తే ఇంటర్నెట్ ఇచ్చే రకం అది. అప్పట్లో నాకు ఆ పనంటే సరదా.

"సిమ్ ఏది?" అన్నాను.

అతను పక్కనే కూర్చున్న భార్య వైపు తిరిగి, "నీ ఫోన్లోది తియ్యి" అన్నాడు.

"పూడిమడక నుంచి మాయమ్మ ఈ నంబరుకే ఫోన్ సేత్తాది" అందావిడ.

"రోజూ మీయమ్మతో కబుర్లేటి? మానెత్తే ఏటైపోతాది?"

ఆవిడ సిమ్ తీసి, కొంగుతో తుడిచి, నా అరచేతిలో పెట్టింది. కొత్త సిమ్ కొనుక్కోమని అతనికి చెప్పొచ్చు. చెప్పలేదు. రౌటర్లో సిమ్ వేసి, ప్లగ్గు పెట్టి, ల్యాప్‌టాప్‌కి తగిలించి సెట్టింగులూ పాస్‌వర్డూ టైపు చేశాను. పచ్చ లైటు వెలిగింది. అతను నా భుజం తట్టి టీ తేవడానికి వెళ్లాడు.

అప్పుడడిగింది ఆవిడ. "అన్నయ్యా, మాయమ్మ ఫోన్ సేత్తే ఆవిడికి ఏటి ఇనబడతాది?"

"మోగుతున్నట్టే వినబడుతుందమ్మా. ఎవరూ ఎత్తరు."

ఆవిడ తలూపింది. ఆ సిమ్ వెనక్కి తీసివ్వడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. అతను తెచ్చిన టీ తాగుతూ, స్పీడు ఎంత వస్తోందో అతనికి చూపించాను.