లేని బడికి గోడ

మా వంటగిన్నెలు మళ్లీ వీధిలోకి వచ్చిన రోజుతో మొదలుపెడతాను సహోదరులారా, ఎందుకంటే ప్రభువు మమ్మల్ని ఎక్కడికి చేర్చాడో చెప్పాలంటే ఎక్కడి నుంచి లేవనెత్తాడో ముందు మీకు తెలియాలి కదా! బోధన్‌లో ఆ రోజు ఎండ మండిపోతోంది, నేను గిన్నెలు కడిగి బోర్లించి లోపలికి తిరిగానో లేదో, ఇంటి యజమానురాలు వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చేయమని చెప్పి, నేను వేసిన పీట మీద కూడా కూర్చోకుండా వెళ్లిపోయింది. కారణం ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అంతకుముందు ఉన్న ఇళ్లలోనూ ఇదే జరిగింది.

నా పేరు సుగుణమ్మ. మా ఆయన ఏసోబు వడ్రంగి, చెరుకు బండ్లకు చక్రాలు చేస్తారు. ఆ పని ఆయన నేర్చుకున్నది డిచ్‌పల్లి మిషన్ ఆసుపత్రిలో. అవును, మీరు అనుకున్నదే, కుష్ఠు రోగానికి మందు కోసం వెళ్లి, అక్కడే ఏళ్ల తరబడి ఉండి, దేవుని కృపవల్ల పూర్తిగా బాగై, చేతిలో పనితో, గుండెలో ప్రభువుతో తిరిగొచ్చారు! రోగం పోయింది గానీ ఎడమ చేతి వేళ్లు రెండు వంగి అలాగే ఉండిపోయాయి. ఈయన వల్ల ఎవరికీ ఏమీ రాదని డాక్టర్లు చెప్పారు, కానీ అద్దెకిచ్చేవాళ్లు డాక్టర్ల మాట వినరు, వేళ్లు చూస్తారు. దుకాణాల్లో చిల్లర కూడా ఆయన చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవారు. ఆయన అలాగే తీసుకుని జేబులో వేసుకునేవారు, కోపమంతా నాకే, నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ అని మా సంఘంలో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం పాస్టరయ్యగారు దయతలచి చర్చి వెనక గది ఇస్తే, సామాను అందులో సర్దుకుంటుండగా మా ఆయన తన పనిముట్ల పెట్టె మీద కూర్చుని, కోపం లేకుండా, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టుగా ఒక మాట అన్నారు.

"నేను డిచ్‌పల్లికి వాపసు పోత సుగుణా. నువ్వు, బిడ్డ ఈడనె ఉండున్రి. నేను లేకుంటె మిమ్మల్ని ఎవ్వరు ఎల్లగొట్టరు."

విన్నారా సహోదరీలారా! బాగైపోయిన మనిషి, మా కోసమని, మళ్లీ రోగుల మధ్యకు వెళ్లి కూర్చుంటానంటున్నాడు! ఏడ్చాను, పోట్లాడాను, బిడ్డను తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టాను. చివరికి సొంత ఇల్లు ఉంటే మనల్ని పొమ్మనేది ఎవరని అడిగాను. సరే, రాబోయే సీజనులో చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆడటం ఆపేదాకా చూద్దాం, అప్పటికి మనదంటూ ఒక తలుపు లేకపోతే నన్ను ఆపవద్దు అన్నారు. ఒప్పుకున్నాను, ఒప్పుకోక ఏం చేస్తాను?

ఇక్కడ మెహబూబీ ఖాలా గురించి చెప్పాలి. వీధంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచే ముసలామె, భర్త పోయాడు, ఒక్కతే కూతురు, ఆమెను నాందేడ్‌లో ఇచ్చారు, కూతురూ అల్లుడూ తమ దగ్గరికి వచ్చేయమంటుంటే ఇల్లు అమ్మి వెళ్దామని చూస్తోంది. అంతకు ముందు ఎప్పుడో ఆ ఇంటికి వీధి తలుపు చేసింది మా ఆయనే. కొంటామని అడగడానికి వెళ్లినప్పుడు మా ఆయన దాపరికం లేకుండా చేయి ముందుకు చాపి తన రోగం సంగతి చెప్పబోతే, ఆమె చెప్పనివ్వలేదు.

"నీ చెయ్యి నాకు ఎర్కనే బేటా. నా దర్వాజ గా చెయ్యే చేసింది."

ఆ మాట విన్న రోజే నేను ఇల్లు వచ్చేసిందనుకుని బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో, దీపం గూడు ఎక్కడుందో చూసుకున్నాను! ఇల్లు కొనడమంటే చీర కొన్నట్టే అనుకున్న అమాయకత్వం నాది. బయానా డబ్బు ముందుగా ఇచ్చాం, స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నాం, కూతురు నాందేడ్ నుంచి వచ్చి తనకు సమ్మతమని వేలిముద్ర వేసి వెళ్లింది, ఇంటి మీద అప్పు లేదని నిజామాబాద్ నుంచి కాగితం తెచ్చాం. దసరాకు అయిపోతుందన్నారు, కాలేదు, క్రిస్మస్‌కు అన్నారు, కాలేదు. ప్రతి కాగితం ఇంకో కాగితాన్ని అడిగేది. ఇంతలో ఫ్యాక్టరీ మొదలైంది, రోడ్ల నిండా చెరుకు బండ్లు, మా ఆయనకు తల ఎత్తే తీరిక లేదు, నాకేమో ఆ చెరుకు వాసన వస్తేనే గుబులు, ఎందుకంటే ఆ బండ్లు ఆగిన రోజే మా గడువు తీరుతుంది.

అన్నీ అయి చివరి మెట్టు రిజిస్ట్రేషన్. ఆఫీసులో అధికారి కాగితాలు తిరగేసి, ఈ ఇంటికి తూర్పు హద్దు బడి గోడ అని ఉంది, బడి జాగా ఇందులో కలవలేదని బడుల ఆఫీసు నుంచి రాయించుకురండి, అప్పుడే రిజిస్ట్రీ అన్నాడు. బడి ఏమిటి? తూర్పు గోడ అవతల ఉన్నది బెల్లం గోదాం! ఆ మాటే చెప్పాం. కాగితంలో ఉన్నదే తనకు ముఖ్యమన్నాడు, ఆయన తప్పూ లేదు, ఆయన ముందున్న కాగితంలో అలాగే ఉంది.

ఇక చూడండి చిత్రం! ఖాలా దగ్గరికి పోయి, ఇక్కడ ఇస్కూల్ ఉండేదా అని అడిగితే, ఎన్నడూ లేదంది. వీధిలో అడిగితే మాత్రం ఒక్కొక్కరికీ జ్ఞాపకాలు పుట్టుకొచ్చాయి. నిజాం కాలంలో ఉండే ఉంటుందని ఒకాయన, ఉండేది, వానకు కూలిందని ఇంకొకాయన, తాను అక్కడే ఓనమాలు దిద్దానని మరొక పెద్దమనిషి! పంతులు బెత్తం ఎలా ఉండేదో కూడా చెప్పాడు. ఆ జ్ఞాపకాలు మోసుకుని మేము నిజామాబాద్ బస్సెక్కితే, అక్కడి ఆఫీసు వాళ్లు తమ లెక్కల్లో ఆ చోట బడే లేదన్నారు. లేదని రాసివ్వండి అంటే, లేని బడి గురించి తామెలా రాస్తాం అన్నారు! బోధన్‌లో బడి ఉంది కాబట్టి పని కాదు, నిజామాబాద్‌లో బడి లేదు కాబట్టి పని కాదు. అటు ఇటు తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి, మా ఆయన నవ్వడం మానేశారు.

స్త్రీల ఉపవాస కూడికలో ఈ భారం పెట్టాను, అక్కలందరూ నాతోపాటు కన్నీళ్లతో ప్రార్థించారు. నేనైతే రకరకాలుగా ప్రార్థించాను, ఆ అధికారికి బదిలీ కావాలని కూడా అడిగాను, ప్రభువు అది వినలేదు, ఆయనకు నా కంటే తెలివి ఎక్కువ. ఒక రోజు మాత్రం మోకాళ్ల మీద పడి, నా నోటికి వచ్చినట్టు ఇలా అడిగాను. "తండ్రీ, ఆ గోడ నా ఇంటికి అడ్డం పడింది. దాన్ని కూలగొట్టు. నీకు చేతనైతది. నాకు ఇంక నడిచే శక్తి లేదు, నా మనిషిని నాకు ఉంచు." ఇంతకంటే చక్కని మాటలు నాకు రాలేదు.

చెరుకు బండ్లు పలచబడ్డాయి. ఖాలా అల్లుడు ఆ వారంలోనే వచ్చి ఆమెను తీసుకుపోతున్నాడని కబురు తెలిసింది. రేపో మాపో ఫ్యాక్టరీ ఆగుతుందనగా మా ఆయన రంపం, బాడిస, ఉలులు తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టి, ఖాలాను ఇంకా కట్టేసి ఉంచడం న్యాయం కాదు, పోయి ఒప్పందం రద్దని చెప్పి రమ్మన్నారు. నేను వెళ్లాను. దారి పొడుగునా దేవునితో మాట్లాడలేదు, అలిగాను, ఉన్నమాట చెబుతున్నాను.

వెళ్లేసరికి ఖాలా ప్రయాణానికని బొంతలన్నీ ఉతికి పిండుతోంది. నేను గడపలో నిలబడి ఎలా చెప్పాలా అని నోరు తెరిచేలోపు, తడి బొంత ఒకటి తెచ్చి నా చేతుల్లో వేసింది.

"బేటీ, గీ బొంత జర బడీ దీవార్ మీద ఆరెయ్యి. ఛోటీ దాని మీదేస్తె మేక నములుతది."

నేను తూర్పు గోడ వైపు నడిచాను. బొంత గోడ మీదికి విసరబోయి చేతులు అలాగే ఆగిపోయాయి. నీళ్లు మోచేతుల నుంచి కారుతున్నాయి. వెనక్కి తిరిగి, ఏమన్నావు ఖాలా, మళ్లీ చెప్పు అన్నాను.

"బడీ దీవార్ అన్న. పెద్ద గోడ. గది పెద్దది, గిది చిన్నది. ఏమైంది నీకు, ఇనొస్తలేదా?"

బడీ దీవార్! పెద్ద గోడ! సహోదరులారా, బడి కాదు, బడీ! ఆ ఇంట్లో రెండు గోడలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అంతే సంగతి! ఖాలాతో మేము ఎప్పుడూ ఇస్కూల్ అనే అన్నాం, బడి అనే మాట ఆమె చెవిన వేయలేదు, ఆమె బడీ దీవార్ అనే మాట మా చెవిన పడలేదు, ఇన్ని నెలలు ఒక్క మాటకు ఆ పక్కన ఆమె, ఈ పక్కన మేము! నేను బొంతను కౌగలించుకుని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు, ఖాలా భయపడి నన్ను కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. ఆ తడి చీరతోనే దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి పరుగెత్తాను, దారిలో మా ఆయనను కేకేస్తే, ఖాలాకు ఏదో అయిందనుకుని ఆయనా నా వెనకే పరుగు!

ఆ రాసే ఆయనది కృష్ణా జిల్లా, కాలువ కింద భూములు కొని ఇటు వచ్చిన కుటుంబం, ఉర్దూ రాదు. ఖాలా ఇంటి పాత దస్తావేజు ఉర్దూలో ఉంది, ఒక ముసలి మున్షీ చదువుతుంటే ఈయన తెలుగులో రాసుకున్నాడు, ఆ మున్షీ తర్వాత కొడుకు దగ్గరికని హైదరాబాదు వెళ్లిపోయాడు. నేను రొప్పుతూ చెప్పింది వినగానే ఆయన కలం కింద పెట్టి, నుదుటి మీద చేయి పెట్టుకున్నాడు.

"అయ్యో, దీవార్ అంటే ఏంటని అడిగానమ్మా, గోడ అన్నాడు. బడి అంటే నాకు తెలుసు కదా అనుకున్నాను."

చూశారా! తెలియని మాట అడిగాడు, తెలుసనుకున్న మాట అడగలేదు. నేనూ దేవుని దగ్గర అంతే కదా! గోడ కూలాలని నాకు తెలుసనుకుని కూల్చమన్నాను, ఏం చేయాలి ప్రభువా అని ఒక్కనాడూ అడగలేదు. నా దేవుడు గోడను కూల్చలేదు సహోదరులారా, దాని పేరు సరిచేశాడు! ఆయనకు అది చాలు! దేవునికే మహిమ!

మర్నాడు పొద్దున్నే ఆ రాసే ఆయన తానే మాతో వచ్చాడు. ఆఫీసులో ఉర్దూ చదివే పెద్ద గుమాస్తా ఒకాయన ఉన్నాడు. తర్జుమా చేతిలో ఉండగా అసలు కాగితం ఆయన ముందు పెట్టాలని అంతవరకూ ఎవరికీ తోచలేదు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివాడు, బడీ దీవార్ దగ్గరికి రాగానే అధికారి కూడా నవ్వేశాడు. హద్దు సరిచేసి రాశారు. ఖాలా వేలిముద్ర వేసింది. రిజిస్ట్రీ అయిపోయింది! బయట ఫ్యాక్టరీ వైపు చెరుకు బండ్లు ఇంకా పోతూనే ఉన్నాయి, నేను కిటికీలోంచి చూస్తూ ఒక్కొక్క బండికీ స్తోత్రం చెప్పాను.

అప్పుడు ఖాలా కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. మా ఆయన అలవాటు చొప్పున బల్ల వైపు చూశారు, ఆమె అక్కడ పెడితే తాను తీసుకుందామని. ఆమె బల్ల మీద పెట్టలేదు. అంతమంది చూస్తుండగా ఆయన ఎడమ చేయి పట్టుకుని, అరచేతిలో తాళంచెవి పెట్టి, ఆ వంగిన వేళ్లను తన చేత్తో మూసింది. చిల్లర బల్ల మీద పెట్టే దుకాణదారు ఒకాయన ఏదో పని మీద వచ్చి అక్కడే నిలబడి ఉన్నాడు, ఆయన తల దించుకున్నాడు. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నేనైతే ఆఫీసని కూడా చూడకుండా హల్లెలూయ అని గట్టిగా అనేశాను!

ఖాలా నాందేడ్ వెళ్లిన రోజు ఆమెను బస్సెక్కించి వచ్చి, పాస్టరయ్యగారిని పిలిచి ఆ ఇంట్లో ప్రార్థన చేయించాం. అక్కలందరూ పెద్ద గోడ చూడాలని వరుసగా వచ్చారు, ఒకామె దాన్ని తట్టి కూడా చూసింది. ప్రార్థన అయ్యాక మా ఆయన డిచ్‌పల్లికని సర్దిన పెట్టె తెచ్చి నడింట్లో విప్పారు. ఒక మేకు తీసుకుని తూర్పు గోడకు కొట్టి దానికి రంపం తగిలించి, బిడ్డ వైపు తిరిగి, ఇంక ఇది ఈడనె ఉంటది అన్నారు. ఆయన అన్నది అంతే. రంపం ఈనాటికీ అక్కడే ఉంది, ఆయనా ఇక్కడే ఉన్నారు, ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడు కూడా బయట చక్రం చెక్కుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది.

ప్రియులారా, మీ ముందు ఏ గోడ నిలబడి ఉందో నాకు తెలియదు. కానీ అలిగి నడిచిన నా చేతుల్లోనే తడి బొంత పెట్టించిన దేవుడు మీకూ దేవుడే! మీకు తెలుసనుకున్న సంగతిని కూడా ఆయన దగ్గర అడగండి, అడిగి, చెవులు తెరిచి ఉంచుకోండి, జవాబు పొరుగింటి ఆమె నోటినుంచి కూడా రావచ్చు. బోధన్ వచ్చినప్పుడు మా ఇంటికి రండి, తలుపు తెరిచే ఉంటుంది, మిమ్మల్ని ఎవరూ పొమ్మనరు. కూర్చోవడానికి పీట వేస్తాను, పెద్ద గోడ చూపిస్తాను, మీరూ నేనూ కలిసి మోకరించి ఆయనకు స్తోత్రం చెల్లిద్దాం!